నలభై రూపాయల బిళ్ల



మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా వీధి చివరింటి అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది. పోటీ పరీక్షకు హాల్ టికెట్ దించుకోవాలి, ఇంట్లో కంప్యూటర్‌లో ఏ సైటూ తెరుచుకోవడం లేదు. ఏది నొక్కినా 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అనే హెచ్చరికే. వాళ్ల నాయన అప్పటికే ఒక పెద్ద షోరూముకు పోయి అడిగొచ్చాడు. "పదేండ్ల మిషనప్పా, ఇంగ దాంట్లో ఏముండాది? కొత్తది తీసుకో, నెలనెలా కట్టుకో" అన్నారంట. 38 వేలు. ఆయనకు ఉండేది మూడెకరాల చెనిక్కాయ. ఆ ఏడు పెట్టిన పెట్టుబడే వెనక్కి రాలేదు.

నేను పోయి చూశాను. తెర మీద కుడివైపు కింద మూలన గడియారం ఉంటుంది కదా, అందులో 2012 జనవరి 1 అని ఉంది. సంగతి అర్థమైంది కానీ, చేతికి పనిముట్లు లేవు. మిషన్‌ను స్కూటర్ మీద పెట్టుకుని మన అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక సందులో ఉండే చిన్న కంప్యూటర్ అంగడికి తీసుకుపోయాం. గడియారం బాగుచేయించుకోవడానికి టవర్ క్లాక్ దగ్గరికే పోవాల్సి రావడం ఆ పొద్దు మాకు దొరికిన ఒకే ఒక నవ్వు.

ఆ అంగడి ఎనిమిదడుగుల వెడల్పు కూడా ఉండదు. పైనుంచి పొట్లకాయల్లా కేబుళ్లు వేలాడుతుంటాయి. గాజు బల్ల కింద మౌసులు, పెన్‌డ్రైవులు. వెనకాల మూత విప్పిన మిషన్లు నాలుగైదు. అక్కడుండే కుర్రాడు మా మిషన్‌ను ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగాడు. "రాత్రి పూట ప్లగ్గు పీకేస్తారా మేడం?" పీకేస్తామంది అమ్మాయి. కరెంటు ఎక్కువ తక్కువలకు భయపడి వాళ్లమ్మ రోజూ పీకేస్తుందట. కుర్రాడు మూత తీసి, మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీని స్క్రూడ్రైవర్ కొనతో ఎగదోశాడు. సీఆర్2032 అంటారు దాన్ని. 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌కు తేదీ, టైము గుర్తుండేది దానివల్లనే. అది అయిపోతే ప్లగ్గు పీకిన ప్రతిసారీ మిషన్ తను పుట్టిన కాలానికి పోయి కూర్చుంటుంది. సైట్లకు గుర్తింపు పత్రాలుంటాయి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని. 2012లో కూర్చున్న మిషన్‌కు ఈ ఏటి పత్రం చూపిస్తే 'ఇది ఇంకా పుట్టనే లేదు కదా' అని తోసేస్తుంది. అంతే జబ్బు.

బిళ్లకు నలభై రూపాయలు తీసుకున్నాడు. వేసినందుకు ఏమీ వద్దన్నాడు. తేదీ సరిచేసి, హాల్ టికెట్ అక్కడే ప్రింటు తీసిచ్చి, దానికి మాత్రం పది రూపాయలు అడిగి తీసుకున్నాడు. వ్యాపారం వ్యాపారమే.

ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న గురించే. ఇంట్లో కంప్యూటర్ నెమ్మదిస్తే, ఆగిపోతే, 'పాతబడింది' అనేస్తాం. మన సీమలో మిషన్ పాతబడి చెడిపోవడం తక్కువ. మన మన్ను, మన ఎండ, మన కరెంటు కలిసి దాన్ని చెడగొట్టడమే ఎక్కువ. ఏది చెడగొట్టిందో తెలిస్తే ఖర్చు వందల్లో పోతుంది, తెలియకపోతే వేలల్లో పోతుంది.

ముందు మన్ను సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడే జిల్లా మనది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. వాన రాకపోయినా గాలి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆషాఢంలో రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ గాలే ఎర్రమన్నును లేపి మన కిటికీల్లోంచి తెచ్చి పోస్తుంది. కంప్యూటర్ డబ్బాలో ఉండే ఫ్యాను పని గాలిని లోపలికి లాగడం కాబట్టి, మన్నును కూడా లాగుతుంది. రెండేళ్లు తీయకుండా ఉంచిన మిషన్ మూత ఒకసారి తీసి చూడండి. ప్రాసెసర్ మీదుండే అల్యూమినియం రేకుల సందుల్లో ఎర్రటి గుడ్డ పరిచినట్టు ఉంటుంది. ఆ గుడ్డ ఉన్నంతకాలం లోపలి వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బయట 42 డిగ్రీలున్న మే నెలలో మిషన్ ఎద్దులా మొరాయించడానికి అసలు కారణం ఇది.

దీనికి మందు పెయింటింగ్ బ్రష్షు. రెండంగుళాలది, కొత్తది. ప్లగ్గు పీకి, మూత తీసి, నెమ్మదిగా దులపండి. అంగడిలో అయితే బ్లోయరుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది గిరగిరా తిరిగి బేరింగు పోతుంది. సైకిల్ పంక్చర్ అంగడికి తీసుకుపోయి గాలి కొట్టించే వాళ్లను చూశాను. ఆ గాలిలో తేమ ఉంటుంది, ఒత్తిడి కూడా ఎక్కువ. దయచేసి ఆ పని చేయొద్దు. మూడు నాలుగేళ్ల మిషన్ అయితే ప్రాసెసర్‌కూ ఆ రేకులకూ మధ్య ఉండే పేస్టు ఎండి సున్నం పెచ్చులా అయిపోయి ఉంటుంది. దాన్ని తుడిచి కొత్త పేస్టు పెట్టించండి. ఇదంతా కలిపినా మూడు నాలుగు వందలు దాటదు. ఇంకో మాట. మన ఇళ్లలో టీవీ మీద, మిక్సీ మీద కప్పినట్టు కంప్యూటర్ మీద కూడా కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతాం. ఆపేసినాక కప్పుకోండి, మంచిదే. నడుస్తున్నప్పుడు కప్పితే దానికి ఊపిరాడదు.

రెండోది కరెంటు. పగటిపూట బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు పల్లెల్లో వోల్టేజీ ఎట్లా కుంగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పోయి వచ్చే కరెంటుతో హార్డ్‌డిస్క్ దెబ్బతింటుంది. అందుకే, చేతిలో రెండు వేలుంటే కొత్త కీబోర్డు, రంగు రంగుల లైట్ల మౌసు జోలికి పోకుండా ముందు యూపీఎస్ సంగతి చూసుకోండి. యూపీఎస్ ఇప్పటికే ఉండి 'బ్యాకప్ రావడం లేదు' అని మూలన పడేసి ఉంటే, అది చెడిపోయిందని అనుకోవద్దు. లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. దాని ఆయుస్సు రెండు మూడేళ్లే. మన ఎండలకు ఇంకా తక్కువ. ఆ బ్యాటరీ ఒక్కటి మార్పిస్తే చాలు, పాతదానికి కొంచెం డబ్బు కూడా తగ్గిస్తారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు పైసా ఖర్చు లేని చిట్కా ఒకటుంది. కరెంటు పోగానే ఫ్యాను, లైటు నడుస్తూనే ఉంటాయి, కంప్యూటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది, అవునా? చాలా ఇన్వర్టర్లకు ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. ఒకవైపు 'యూపీఎస్' అని, ఇంకోవైపు 'నార్మల్' అనో 'ఈకో' అనో రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు నొక్కితే కరెంటు మారే వ్యవధి తగ్గి, కంప్యూటర్ ఆరిపోకుండా నిలబడుతుంది. నాలుగేళ్లుగా ఆ స్విచ్చును చూడకుండా బతికిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఎర్తు గురించి చివర్లో చెబుతాను. అది మన కరువుకూ కంప్యూటర్‌కూ నేరుగా ఉన్న చుట్టరికం.

ఇప్పుడు మిషన్ లోపల మార్చాల్సిన సరుకు. ఒక్కటే మార్చగలిగే స్తోమత ఉంటే హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత డిస్కు లోపల పళ్లెం ఒకటి నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంటుంది. అంటే సెకనుకు 120. దాని మీద సూది లాంటి చేయి అటూ ఇటూ పరిగెత్తి మీరడిగింది వెతికి తేవాలి. ఒక్కో వెతుకులాటకు సెకనులో నూరో వంతు పడుతుంది. అది తక్కువే అనిపిస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి వెతుకులాటలు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, వెతుకులాట దాదాపు ఉండదు. నా పాత డెల్ మిషన్ స్విచ్చు నొక్కితే, కాఫీ కలుపుకుని తాగి, లోటా కడిగి వచ్చేసరికి తెర సిద్ధమయ్యేది. ఎస్‌ఎస్‌డీ వేసినాక పాలు కూడా కాగడం లేదు. వీధి చివరింటి మిషన్‌కూ ఆ తర్వాత అదే చేయించాం. పదేండ్లదని షోరూములో తీసిపారేసిన ఆ మిషన్ మీదనే ఆ అమ్మాయి ఇప్పటికీ మాక్ టెస్టులు రాస్తోంది.

తీసేసిన పాత డిస్కును అంగడిలో వదిలేసి రావద్దు. మీ ఫొటోలు, ఆధార్, పాస్‌బుక్కు కాపీలు అన్నీ అందులోనే ఉంటాయి. యూఎస్‌బీ కేసు అని చిన్న డబ్బా దొరుకుతుంది, అందులో పెట్టించుకుంటే అదే మీ బ్యాకప్ డ్రైవు.

ధర సంగతి దాచను. రెండేళ్ల కిందట 240 జీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేల లోపే వచ్చేది. 2025 చివరి నుంచి ఎస్‌ఎస్‌డీలూ, అంతకంటే ఎక్కువగా ర్యామ్ ధరలూ మండుతున్నాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద కంపెనీలు కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను లారీలకెత్తినట్టు ఎత్తుకుపోతున్నాయి. మైక్రాన్ అనే చిప్పుల కంపెనీ 2025 డిసెంబర్‌లో, క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారమే మానుకుంటున్నానని ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో ఎవరో డేటా సెంటర్ కడితే మన సందులో ర్యామ్ ధర పెరుగుతుంది. విత్తనకాయ ధరతో వేగే రైతుకు ఇదేమీ వింతగా తోచదు.

కాబట్టి ర్యామ్ అవసరమా కాదా ముందు చూసుకోండి. మీ రోజువారీ పనులన్నీ తెరిచిపెట్టి, కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 90 శాతం దాటి ఉంటేనే ర్యామ్ కొనండి. డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తూ మెమరీ మామూలుగా ఉంటే మీకు కావలసింది ఎస్‌ఎస్‌డీ. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలున్నాయి. ఒకదాని గాడిలో ఇంకొకటి దిగదు. పేరు గుర్తుపెట్టుకునే బాధ వద్దు, ఉన్న స్టిక్కును ఊడదీసి అంగడికి పట్టుకుపోండి. ఊడదీసే ముందు డబ్బా ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకోండి. మన పొడిగాలికి ఒంట్లో స్థిర విద్యుత్తు ఉంటుంది, చిప్పుకు అది చాలు.

కొనకముందు ఇంకొకటి చేయండి. తెర రాకుండా మిషన్ బీప్ బీప్ అని అరుస్తుంటే, ర్యామ్ తీసి, దాని బంగారురంగు పళ్లను పిల్లల రబ్బరుతో, పెన్సిల్ గీతలు చెరిపే ఆ రబ్బరుతోనే, మెల్లగా రుద్ది, తుడిచి మళ్లీ పెట్టండి. చాలాసార్లు తెర వచ్చేస్తుంది. ఐదు రూపాయల రబ్బరు. ఈ పనికే మూడొందలు తీసుకున్న వాళ్లను నేనెరుగుదును. తప్పనను, తెలిసినందుకు ఇచ్చే డబ్బు అది.

విండోస్ గురించి చాలామంది అడుగుతున్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఆ కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల పూర్వీకులది మన జిల్లాలోని బుక్కాపురమే. సొంత జిల్లావాళ్లమని ఏమైనా మినహాయింపు ఇస్తాడేమో అనుకుంటే అదేమీ లేదు. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఉండాలి. అంతకంటే పాత మిషన్ ఉన్నవాళ్లు దాన్ని పారేయాలా అంటే, అక్కర్లేదు. లినక్స్ మింట్ లాంటిది ఉచితంగా వేసుకోవచ్చు. నెట్టు, వీడియోలు, ఉత్తరాలు, లెక్కలు అన్నీ నడుస్తాయి, తెలుగు కూడా బాగా వస్తుంది. అంగడి కుర్రాడు మొహం చిట్లిస్తే ఇంజనీరింగ్ చదివే పిల్లలనడగండి. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో మన ఊరికి తరలివచ్చిన కాలేజీ, ఇవాళ్టి జేఎన్‌టీయూ, మన పక్కనే ఉంది. ఆ పిల్లలకు ఇది గంట పని.

అయితే డీటీపీ అంగళ్ల వాళ్లకు నా సలహా వేరు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే పాత మిషన్ మీకు అన్నం పెడుతుంటే దాన్ని కదిలించొద్దు. నెట్టు తీగ మాత్రం పీకేసి ఉంచండి. నెట్టుకు ఇంకో మిషన్ పెట్టుకోండి.

కొత్తది కొనే తాహతు లేనివాళ్లకు సెకండ్ హ్యాండు ఒక దారి. బెంగుళూరు మనకు 200 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి ఆఫీసులు కొన్నేళ్లు వాడి తీసేసిన మిషన్లు, డెల్ ఆప్టిప్లెక్సులు, హెచ్‌పీలు, లెనోవోలు, ఎస్పీ రోడ్డు అంగళ్లకు చేరి, అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు వస్తుంటాయి. ఎస్పీ రోడ్డంటే సదర్ పట్రప్ప రోడ్డు. ఇవి గట్టి మిషన్లే, ఆఫీసు వాళ్లు ఏసీ గదిలో పెట్టి వాడినవి. కానీ 'ఐ5 సార్, ఐ5' అనే మాట విని మోసపోవద్దు. ఐ5 అన్నాక గీత తర్వాత ఒక నంబరుంటుంది. 6500 అయితే ఆరో తరం, 8500 అయితే ఎనిమిదో తరం. నాలుగంకెల నంబరైతే మొదటి అంకె చూడండి. విండోస్ 10 ఆగిపోయాక ఆరు, ఏడు తరాల మిషన్లు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. లినక్స్ వేసుకునే ఉద్దేశముంటే చవకగా బేరమాడి తెచ్చుకోండి. విండోస్ 11 కావాలంటే ఎనిమిది కంటే దిగొద్దు.

చిల్లర సామాన్ల మీద ఎక్కువ చెప్పను. మానిటర్ పోతే, హెచ్‌డీఎమ్ఐ ఉండే టీవీకి తగిలించుకోండి. సంతలో, బస్టాండులో '2 టీబీ పెన్‌డ్రైవు ఐదొందలే' అంటే అది దొంగ సరుకే. కంప్యూటర్‌కు 2 టీబీ అని అబద్ధం చెబుతుంది, నిండేకొద్దీ పాత ఫొటోల మీదనే కొత్తవి రాసుకుంటూ పోతుంది. కొన్నరోజు తెలియదు, పెళ్లి ఫొటోలు వెతికిన రోజు తెలుస్తుంది.

ఆన్‌లైన్లో రెండొందలు తక్కువకు వస్తుంది కదా అంటారు. వస్తుంది. నేనూ తెప్పించుకుంటాను. ఒకసారి పొరపాటున డెస్క్‌టాప్ ర్యామ్ బదులు ల్యాప్‌టాప్ ర్యామ్ తెప్పించుకుని, వెనక్కి పంపడానికి పది రోజులు తిరిగాను. తప్పు నాదే. అంగడిలో అయితే స్టిక్కును చూడగానే 'ఇది కాదు సార్' అనేవాళ్లు. మన ఊరి అంగట్లో కొనే వస్తువు ధరలో ఆ చూపు కూడా కలిసి ఉంటుంది. కానీ ఒక్క షరతు. 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా' అంటే ఒప్పుకోవద్దు. ఎస్‌ఎస్‌డీకి మూడేళ్ల వారంటీ ఉంటుంది, ఆ కాగితం లేకుంటే ఆ మూడేళ్లూ లేనట్టే.

ఇంక ఎర్తు. కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? వట్టికాళ్లతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువా? మిషన్‌కు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌లో ఒక ఏర్పాటుంటుంది, అది కొంచెం కరెంటును ఎర్తుకు పంపేస్తుంది. ఆ దారి మూసుకుపోతే అది డబ్బా మీదనే నిలుస్తుంది, మీరు ముట్టుకుంటే మీలోంచి పోతుంది. దారి ఎందుకు మూసుకుపోతుంది? కొందరు రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొడతారు. అది వాళ్ల తప్పు. మిగతా చోట్ల తప్పు నేలది. ఇల్లు కట్టేటప్పుడు గుంత తవ్వి, ఇనుప పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్తు, నేలలో తడి ఉంటేనే పని చేస్తుంది. నాలుగైదు నెలలు చినుకు లేని మన మట్టిలో అది ఎండి, కరెంటును మింగలేకపోతుంది. అప్పుడు మీరు వేలు పెట్టి కొన్న స్పైక్ గార్డు కూడా సగం పనే చేస్తుంది. ఎర్తు పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ ఒక బల్బుతో నిమిషంలో చూసి చెబుతాడు. మీరు మాత్రం తీగలు పట్టుకుని చూడొద్దు.

మన ఇళ్లలో నీళ్లెంత కష్టమో తెలుసు. మంచినీళ్లు అక్కర్లేదు. మీ ఇంటి ఎర్తు గుంత ఎక్కడుందో, పెద్దవాళ్లనడిగైనా సరే, ఈ సాయంత్రం కనుక్కోండి. గిన్నెలు కడిగిన నీళ్లు ఒక బకెట్ తీసుకుపోయి అందులో పోయండి. వాన పడేదాకా వారానికోసారి పోస్తూ ఉండండి.